సర్కారువారి ఊక పొయ్యి

"ఈ ఊక ఇక ముట్టుకోకమ్మా!"

గన్నవరం రైసుమిల్లు వెనక గంప నింపుకుంటున్న అమలమ్మని ఆఫీసరు రామకోటేశ్వరరావు గారు ఆపారు. "దీంట్లోంచి రసాయనం తీసి చమురు బావుల్లో పోస్తాం. నూనె పొంగుకొస్తుంది. నీకు కిరసనాయిలు నీళ్ళలా దొరుకుతుంది."

అమలమ్మ గంప బోర్లించింది. ఊక పొయ్యి పారేసి స్టవ్వు కొనుక్కుంది.

డెబ్భైనాలుగులో కిరసనాయిలుకి కరువొచ్చింది. ఆఫీసరుగారు మళ్ళీ జీపు దిగారు, సర్కారు ఉచితంగా ఇచ్చే ఊక పొయ్యితో. మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ ఊక ఎలా కూరాలో పేట ఆడవాళ్ళకి నేర్పారు. మిల్లు ఊకంతా రసాయనానికే పోయి, ఎంత వెతికించినా గుప్పెడు ఊక దొరకలేదు గనక, ఇసక కూరి చూపించారు.

అమలమ్మ ఓపిగ్గా చూసింది. అగ్గిపెట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"బాగా కూరారండీ. ఇక అంటించండి."