తలుపు పక్క కుర్చీ

వృద్ధుల వసతి గృహంలో, మూడో అంతస్తులో, దర్జీ తాత గది.

ముసలివాళ్ళకు ఎలాంటి గదులు సుఖమో తెలుసుకునే పని మీద పరిశోధకురాలు వెళ్ళేసరికి, తలుపు పక్క కుర్చీలో బూడిదరంగు శాలువా కప్పుకుని ఒకామె కూర్చుని ఉంది.

తాత కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, మెల్లగా అడిగాడు.

"ఆ కుర్చీలో ఎవరైనా ఉన్నారా అమ్మాయీ?"

పాపం చూపు ఆనదు కాబోలనుకుని, పరిశోధకురాలు ఉన్నారంది.

అంతే, ఏమడిగినా తాత అంతా బాగుందనే అన్నాడు. మర్నాడూ అదే వరస. ఇలాగైతే పరిశోధన అటకెక్కినట్టే. ఒళ్ళు మండి, తాత మంచినీళ్ళు తేవడానికి వెళ్ళినప్పుడు, శాలువా ఆమెను కాసేపు బయట ఉండమంది.

"నేను లేస్తే ఆయన మాట్లాడతాడు తల్లీ. అదే నా భయం."

ఎవరి పేరూ రాయనని పరిశోధకురాలు మాటిచ్చింది.

"అప్పుడూ అలాగే అన్నారు" అంటూ ఆమె వరండాలోకి వెళ్ళిపోయింది. అడుగుల చప్పుడు కూడా వినపడలేదు.

తాత తిరిగొచ్చాక, కుర్చీ ఖాళీ అనగానే ఆయన ముఖం విప్పారింది. నిజమేనా అని మళ్ళీ అడిగాడు. తానే లేపి పంపిన సంగతి పరిశోధకురాలు చెప్పలేదు.

ఇక తాత మనసు విప్పాడు. స్నానాల గదిలో జారిపడ్డాడట. స్టవ్ ఆర్పడం మరిచిపోతున్నాడట.

"పైవాళ్ళకు తెలిస్తే ఈ గది ఉండదు. గది పోతే నేనూ పోయినట్టే."

వెళ్ళేటప్పుడు, ఆమెను గృహంలోకి రానిచ్చిన మేనేజరు, రాసింది ఒకసారి చూపించమన్నాడు. మొహమాటపడి ఇచ్చింది. పేరు లేదు కదా, మూడో అంతస్తులో ఒక దర్జీ అని మాత్రమే ఉంది. ఆ అంతస్తులో దర్జీలు ఎందరుంటారని ఆమెకు తట్టనే లేదు.

మళ్ళీ వచ్చేసరికి కుట్టుమిషను వరండాలో ఉంది. తాతను వెనక భవనంలోకి, బయటినుంచి గడియ పెట్టే గదుల్లోకి మార్చారు. ఎంత బతిమాలినా మేనేజరు ఆయన మంచికేనన్నాడు.

శాలువా ఆమె ఏ గదిలో ఉంటుందని పరిశోధకురాలు ఎదురుగది అవ్వను అడిగింది. కాళ్ళు పట్టుకుని క్షమించమనాలంది.

అవ్వ ఒక అడుగు వెనక్కి వేసింది.

"నీకంటే ముందొచ్చినవాళ్ళకు కష్టం చెప్పుకున్నది ఆవిడే. పేరు రాయలేదు, శాలువా సంగతి రాశారు. వెనక భవనంలో నెల తిరగకుండానే పోయింది. అందుకే ఎవరొచ్చినా తలుపు పక్క కుర్చీ వేసి అడుగుతాం. ఆవిడ మాకెవరికీ కనబడదమ్మా, ఎవరివల్ల మా గది పోతుందో వాళ్ళకే కనబడుతుంది."