సంచీ మామ్మ కాగితాలు

“బాబూ, మీకు పనికొచ్చేది నా దగ్గర ఒకటుంది.”

పరిశోధకుడు తలెత్తలేదు. ఆ మాట వినడం అతనికి ఇది ఐదోసారి.

రోజూ లైబ్రరీకి రావడం, గుమ్మం దగ్గర లైబ్రేరియన్ బల్ల మీది రిజిస్టర్లో గబగబా సంతకం గీకడం, ఈ మూల కుర్చీలో కూలబడడం. కూర్చోగానే ఎదురుగా ఆవిడ.

ఒళ్లో గుడ్డ సంచీ, సంచీలో కాగితాల కట్ట. అందరూ చాటుగా సంచీ మామ్మ అంటారు. ఆవిడ చూపెప్పుడూ అతను పరుచుకున్న వ్యాసాల మీదే.

“ఏ జర్నల్లో వచ్చిందండీ?”

“ఎవరూ వేసుకోలేదు బాబూ. మూడు జర్నల్స్‌కి పంపాను.”

“అచ్చు కాకపోతే నాకు పనికిరాదు మామ్మగారూ.”

“ఒక్క పేజీ చూసి...”

“చెప్పాను కదండీ! నన్ను చదువుకోనివ్వండి.”

చుట్టుపక్కల నాలుగు తలలు తిరిగాయి. ఆవిడ మెల్లగా సంచీ మూతి ముడివేసుకుని లేచింది.

“కవిత్వం అయ్యుంటుంది సార్,” అంది లైబ్రేరియన్ తర్వాత. “ఎవరు దొరికితే వాళ్లకి వినిపించాలని ఉంటుంది, పాపం.”

అతని చిరాకు అతనిది. కాలిన గాయాలకి వాడే ఒక పూతమందు మీద ఇంతవరకు జరిగిన పరీక్షలన్నీ పోగుచేసి, అది పనిచేస్తుందో లేదో తేల్చి చెప్పాలి. వచ్చే నెలాఖరుకి ఇవ్వకపోతే నాలుగేళ్ల చదువు గంగపాలు. అతను తేల్చినదాన్ని బట్టే పెద్దాస్పత్రి ఆ మందు అన్ని వార్డులకీ తెప్పిస్తుంది.

తొమ్మిది వ్యాసాలు దొరికాయి. తొమ్మిదీ బ్రహ్మాండం అన్నాయి. అతనూ బ్రహ్మాండం అని రాసి ప్రొఫెసర్ చేతిలో పెట్టాడు. ఆయన రెండోసారి కూడా తిప్పి పంపారు.

“పనిచెయ్యలేదన్నవాళ్లు ఒక్కరూ లేరా?”

“లేరు సార్. జర్నల్సన్నీ జల్లెడ పట్టాను.”

“జర్నల్స్‌లో ఎందుకుంటారయ్యా? మందు పనిచెయ్యలేదని రాస్తే ఎవరు అచ్చేస్తారు? ఆస్పత్రి రిపోర్టులు, ఆఫీసు ఫైళ్లు, మూలపడ్డ థీసిస్‌లు... గ్రే లిటరేచర్ అంటారు దాన్ని. అది చూడకుండా నువ్వు రాసిందంతా ఒకటే భజన.”

అతను విసవిసా లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లాడు.

“గ్రే లిటరేచర్ ఏ అలమారాలో ఉంటుంది మేడమ్?”

“దానికో అలమారా ఉంటే ఇంకేం సార్!”

మర్నాటి నుంచి ఆస్పత్రుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. ఒకచోట రికార్డు గది ఉంది, తాళంచెవి లేదన్నారు. ఇంకోచోట తాళంచెవి ఉంది, గదే కూల్చేశామన్నారు. మూడో వారం ఒక పాత ఆస్పత్రి గుమాస్తా తల గోక్కున్నాడు.

“ఆ మందేనా? దాని మీద ఒక రిపోర్టు ఉండేది సార్. నలభై ఒక్కమందికి పూసి చూశారు. గాయాలు మానకపోగా చీము పట్టాయని ఆపించేశారు.”

పరిశోధకుడికి ప్రాణం లేచొచ్చింది. “ఏదీ?”

“చెదలు తినేశాయి. రాసినావిడ దగ్గర ఇంకో కాపీ ఉండాలి. ఇక్కడ హెడ్ నర్సుగా చేశారు. రిటైరై చాలా ఏళ్లయింది. ఇప్పుడెక్కడున్నారో మాకు తెలీదు.”

ఒళ్లు మండిపోయింది. ఒక్క కట్ట కాగితాలు కాపాడలేరా ఈ మనుషులు! దారిపొడుగునా తిట్టుకుంటూ లైబ్రరీకి వచ్చి, రిజిస్టర్ ముందుకు లాక్కున్నాడు.

మూలన ఎదురు కుర్చీ ఖాళీగా కనిపించింది.

“సంచీ మామ్మ ఇంకా రాలేదా?” ఊరికే అడిగాడు.

“మీరు కసిరిన రోజే ఆఖరు సార్. గేటు దగ్గర పాత కాగితాలవాడు కనిపిస్తే, సంచీ అలాగే బండిలో పడేశారు. నేను వారించబోయాను. ‘అచ్చు కానివి పనికిరావటమ్మా, చదువుకున్న అబ్బాయే చెప్పాడు, ఇంకెన్నాళ్లు మొయ్యను’ అన్నారు.”

అతని చేతిలో పెన్ను ఆగింది.

పేరు, వృత్తి, వచ్చిన పని. రోజూ చూసే గడులే. పై వరసలో ఎవరేం రాశారో అతను ఏనాడూ చూడలేదు. మూడు వారాల పేజీలు వెనక్కి తిప్పాడు.

తన గీకుడు సంతకానికి సరిగ్గా పైన, వరసగా ఐదు రోజులు, గుండ్రటి అక్షరాల్లో అవే మాటలు ఉన్నాయి: “రిటైర్డ్ హెడ్ నర్సు, కాలిన గాయాల వార్డు. పూతమందు మీద రాస్తున్న అబ్బాయికి మా నలభై ఒక్కమంది సంగతి చెప్పడానికి.”