తూర్పు వాకిలి బండి

"దక్షిణ ద్వారం! నేను లోపల కాలు పెట్టను గాక పెట్టను," అన్నాడు ద్వారకానాథ్, ఫోనులోని దిక్సూచిని భార్య ముక్కు ముందు ఆడిస్తూ.

కుసుమకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సన్నీబ్యాంక్‌లో ఉన్న ఇల్లు అమ్మేశారు. సోమవారం తాళాలు ఇచ్చెయ్యాలి. ఆ తరవాత ఆస్ట్రేలియా చుట్టూ తిరుగుతూ మోటర్‌హోమ్‌లోనే కాపురం అని ఇద్దరూ కలిసే అనుకున్నారు. తీరా బండి ఎంచుకునే వేళకి ఈయనగారు చూసిన ప్రతిదానికీ ఓ వంక పెడుతున్నాడు. ఒకదాంట్లో పొయ్యి వాయవ్యంలో ఉందిట. ఇంకోదాంట్లో ఏకంగా ఈశాన్యంలో టాయిలెట్టుట! ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వంతెనలు కట్టిన ఇంజినీరు, ఇల్లు అనే మాట వినబడితే చాలు, సిద్ధాంతి అయిపోతాడు.

ఈ బండి మాత్రం కుసుమకి చూడగానే తెగ నచ్చేసింది. పాతదే, అయినా బంగారంలా ఉంది. కిటికీలకి పసుపు రంగు తెరలు, బుల్లి ఫ్రిజ్, పోపు ఘాటు బయటికి లాగేసే ఫ్యాను. ఇది దాటిపోతే ఇక రోడ్డూ లేదు, ప్రయాణమూ లేదు.

"ఏవండీ, చక్రాలున్న ఇంటికి దిక్కులేమిటండీ? రోడ్డు మలుపు తిరిగితే..." అనబోయి చటుక్కున నాలుక కరుచుకుంది. ఆ సంగతి ఈయనకి గుర్తు చేస్తే ఈ జన్మలో ఏ బండీ కొనడు.

బండి యజమాని సోహన్ దగ్గరికొచ్చాడు. ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాడు. "ఎనీ ప్రాబ్లమ్, ఆంటీ?"

"సోహన్, బండిని కాస్త తిప్పి పెట్టగలవా? తలుపు తూర్పుకి రావాలి."

"తూర్పు అంటే?"

"ఈస్ట్. అదిగో, ఆ కంచె వైపు."

"నో వర్రీస్," అంటూ సోహన్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పెరడు పెద్దదే గాని బండి ఇంకా పెద్దది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. కుసుమ చెప్పులు వదిలేసి గడ్డిలో పరుగెడుతూ, "రానీ, రానీ... ఆగాగు!" అని కేకలు పెట్టింది. సోహన్ భార్య రంజన వంటింట్లోంచి ఒక్క అంగలో వచ్చి, "నా కరివేపాకు చెట్టు!" అంటూ రెండు చేతులూ చాపి చెట్టుకి అడ్డంగా నిలబడింది.

ద్వారకానాథ్ దిక్సూచి చూసి పెదవి విరిచాడు. "ఇంకా ఆగ్నేయానికి పోతోంది. కొంచెం సరిచెయ్యి."

సోహన్ చెమట తుడుచుకుంటూ కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "అంకుల్, రోడ్ మీద ఎవ్రీ టైమ్ ఇలాగే..."

కుసుమ వాడికేసి గుడ్లురిమింది. పాపం, సోహన్ మళ్లీ గేరు మార్చాడు.

ఎట్టకేలకు కుదిరింది. ద్వారకానాథ్ కుడికాలు ముందు పెట్టి బండెక్కాడు. కుసుమ వెనకే ఎక్కింది.

"తూర్పు వాకిలి... బావుంది. పొయ్యి ఆగ్నేయం... బావుంది. నీళ్ల ట్యాంకు ఎక్కడా? ఈశాన్యం! కుసుమా, ఈశాన్యమే!" ఆయన గొంతు పెరుగుతోంది. గబగబా ముందుకెళ్లి డ్రైవరు సీటు దగ్గర ఆగిపోయాడు. "ఇది చూశావా? నైరుతి! యజమాని కూర్చోవాల్సిన చోటే స్టీరింగు పెట్టారు. ఇది చేసినవాడెవడో మహానుభావుడు! ఇదే మనిల్లు!"

కుసుమ ఆనందానికి పగ్గాల్లేవు. అప్పటికప్పుడు రంజనని అడిగి గిన్నె, పాలు తెచ్చి, ఆగ్నేయం మూల పొయ్యి మీద పొంగించింది. అవి కాస్తా పొంగి పొయ్యంతా కారితే దంపతులిద్దరూ చప్పట్లు కొట్టారు. రంజనకేమీ అర్థం కాలేదు గాని తనూ కొట్టేసింది.

ఆయన సోహన్‌ని పెరటి మూలకి తీసుకెళ్లి చేతులు తిప్పుతూ ఏదో మాట్లాడుతున్నాడు. బ్రేకుల గురించీ టైర్ల గురించీ అడుగుతున్నాడు కాబోలనుకుని కుసుమ ముందు సీట్లోకి చేరింది. పెర్త్‌లోని హారిస్‌డేల్‌లో ఉండే కూతురు అక్షరకి ఫోను చేసింది.

"ఇల్లు దొరికిందే! సోమవారమే బయల్దేరుతున్నాం. ముందు కెయిర్న్స్, డార్విన్, ఆ తరవాత సముద్రం పక్కనే దిగుతూ దిగుతూ మీ ఇంటి ముందే ఆపుతాం. చెట్టు నచ్చితే చెట్టు కింద వంట, ఏరు నచ్చితే ఏటి ఒడ్డున పడక!"

"ఓ మై గాడ్, మమ్! డాడ్ యాక్చువల్లీ సెడ్ యెస్?"

"పాలు కూడా పొంగించాం తల్లీ!"

ఫోను పెట్టేసరికి పెరట్లో మగవాళ్లిద్దరూ గట్టిగా చేతులు కలుపుకుంటున్నారు. అమ్మయ్య, బేరం ఖాయమైంది! కుసుమ సీటు బెల్టు పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎర్రమట్టి రోడ్ల మీద తేలిపోసాగింది.

ఉన్నట్టుండి బండి కుదుపుతో కదిలింది. "బయల్దేరామోచ్!" అని అరిచి ఆమె పక్కకి చూసింది. డ్రైవరు సీటు ఖాళీ. బండి ముందుకు పోవడం లేదు, ఓ పక్కగా పైకి లేస్తోంది.

గాభరాగా కిటికీలోంచి వంగి చూస్తే, కింద సోహన్ జాకీ తిప్పుతున్నాడు. పక్కనే ద్వారకానాథ్ చొక్కా చేతులు పైకి మడిచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"ఏం చేస్తున్నారండీ?"

"చక్రాలు విప్పించేస్తున్నా కుసుమా! ఈ పెరడు మనకి అద్దెకివ్వడానికి సోహన్ ఒప్పుకున్నాడు. ఇంత దివ్యంగా కుదిరిన వాస్తుని ఇక అంగుళం కూడా కదలనివ్వను!"