స్నేహ చెప్పిన వాక్యం

“నాన్న. అన్నం.” రెండు అట్టముక్కలు బోర్డుకు తగిలించి పిల్లల వైపు తిరిగింది హైమావతి టీచరు. “ఏమైంది?”

“తిన్నాడు!” అన్నాడు హేమంత్.

“వండాడు!” అంది పక్కనున్న పిల్ల.

“పారబోశాడు!” అన్నాడు ఇంకొకడు.

“చూశారా? నాన్న అదే నాన్న, అన్నం అదే అన్నం. అవి నామవాచకాలు. పని చెప్పేది క్రియ. అది మారేసరికి మంచి నాన్న కాస్తా తన్నులు తినాల్సిన నాన్నయ్యాడు.”

మూడో తరగతి పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. గుమ్మంలో నిలబడ్డ శాలేమురాజును ఎవరూ గమనించలేదు.

హాస్టల్లో ఉంటున్న కూతురు స్నేహను ఇంటికి తీసుకుపోదామని, రేపల్లెలో రైలెక్కి తెనాలిలో మారి బాపట్ల వచ్చాడతను. సెలవులకు ఇంటికొస్తే ఆ పిల్ల “నీళ్ళు”, “గేదె” అని ఊరుకునేది. గేదె తప్పిపోయిందో, ఈనిందో ఇంట్లోవాళ్ళే ఊహించుకోవాలి. “ఎన్నేళ్ళు చదివినా దానికంతేరా. తీసుకొచ్చెయ్, కళ్ళముందుంటది” అంది అతని తల్లి రాజమ్మ. అతనికీ నిజమేననిపించింది.

టీచరు అతన్ని చూసి దగ్గరికి వచ్చింది. వచ్చిన పని తనకు చేతనైనట్టు చెప్పాడు.

“పాఠం అయ్యేదాకా కూర్చోండి” అంది ఆవిడ.

వెనక బల్ల మీద కూర్చున్నాడు. చెప్పేదాంట్లో సగమే అర్థమైంది. కానీ కళ్ళు తిప్పుకోలేకపోయాడు. ఆవిడ “వేడి” అనే అట్ట తెచ్చి అన్నం ముందు పెట్టింది. పిల్లలు వేళ్ళు కాలినట్టు ఊదుకున్నారు. అది విశేషణమట. తర్వాత “నాన్న” అట్ట తీసి, ఆ చోట “ఆయన” పెట్టింది.

“నాన్న అలిసిపోయాడు. కాసేపు ఆయన బదులు ఇది పనిచేస్తుంది. సర్వనామం.”

ఒకడు అర్థం కాలేదన్నాడు. ఆవిడ విసుక్కోకుండా మళ్ళీ నాన్న దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఇంత ఓపిక శాలేమురాజు నాట్లేసే ఆడవాళ్ళ దగ్గర మాత్రమే చూశాడు.

“స్నేహా, ఇలా రా. నీ సొంత వాక్యం చెప్పు.”

స్నేహ లేచింది. తండ్రిని చూసింది. అతని చేతిలో బట్టల కోసం తెచ్చిన ఖాళీ సంచిని చూసింది. ఎందుకొచ్చాడో తెలిసిపోయింది.

“నేను” అంది.

“సర్వనామం. బాగుంది. తర్వాత?”

“రాను.”

శాలేమురాజు సంచి కింద పెట్టేశాడు.

“ఎందుకు రావమ్మా?”

“నేను ఇక్కడ చదువుకుంటాను. నువ్వు వెళ్ళు. మళ్ళీ రా.”

క్రియలు ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తున్నాయి. అతనికి కళ్ళు చెమర్చాయి. పుట్టి ఇన్నేళ్ళకు కూతురు మొదటిసారి తనకు ఎదురు చెప్పింది! ఏ తండ్రీ కాదనిపించుకుని ఇంత పొంగిపోయి ఉండడు. టీచరుకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

“మళ్ళీ ఎప్పుడు రమ్మంటావు?” అని అడిగాడు కూతుర్ని.

“శనివారం.”

“శనివారం ఏంటి?” అంటూ తరగతి వైపు తిరిగింది టీచరు.

“నామవాచకం!” అన్నారు పిల్లలంతా.

అది బధిరుల పాఠశాల. ఆ గదిలో మాటలన్నీ చేతులు చెప్పినవే.