గోంగూర మడిలో జింక

మా అమ్మాయి ఫెబీ పోయాక, అమెరికాలో బాతెల్ ఊళ్లోని ఈ ఇంట్లో అల్లుడూ నేనూ మిగిలాం. ఇక్కడ గొంతెత్తి ఏడిస్తే పక్కింటివాళ్లు పోలీసులకు ఫోన్ చేస్తారట. చర్చివాళ్లేమో, "ప్రభువు దగ్గరుంది, ఏడవకూడదు ఆంటీ" అన్నారు.

పొద్దున్నే ఒక జింక పెరట్లోకొచ్చి, మా అమ్మాయి వేసిన గోంగూర కొరికేది. "హేయ్! నా కొంప ముంచావు గదే!" అని అరుస్తూ తోలేదాన్ని. లోపలి ఏడుపంతా ఆ అరుపులోనే పోయేది.

"మీకెందుకత్తమ్మా ఈ తిప్పలు?" అంటూ అల్లుడు షాలేం రాజు శనివారం ఎత్తుగా ఫెన్స్ వేయించాడు. వద్దు బాబూ అన్నా వినలేదు. జింక రావడం మానేసింది.

సోమవారం పొద్దున ఉండబట్టలేక, ఉత్త పెరట్లోనే నిలబడి అరిచాను. రాజు ఆఫీసుకు బయల్దేరినవాడల్లా వెనక్కి వచ్చాడు.

"జింకేదత్తమ్మా?"

"అదిగో బాబూ, ఆ చెట్టెనకాల" అన్నాను, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని.

అతను ఆ చెట్టు వైపు చాలాసేపు చూశాడు. బ్యాగు కింద పెట్టి, నా పక్కకు వచ్చి, "హేయ్!" అని నాకంటే గట్టిగా అరిచాడు. ఫెబీ పోయాక అతని గొంతు పైకి లేవడం అదే మొదలు.

లేని జింకను ఇద్దరం చాలాసేపు తోలాం.