తలలేనిదంతా నాచే

చెరువులో రెల్లుదుబ్బు మీద ఒక తూనీగ ఉండేది. ఎవరు ఏ జాతో తేల్చే పెద్దరికం తనదేనని దాని నమ్మకం. తల ఉన్నదంతా ప్రాణి, తలలేనిదంతా నాచు, నాచును ఎవరైనా తినొచ్చు అని తీర్పు చెప్పేసింది. చేపలు ఆ మాట శ్రద్ధగా విన్నాయి.

ఒకరోజు బురదలోంచి ఎర్రదారం లాంటిది పైకి లేచి నీళ్ళలో ఊగుతూ కనబడింది. తూనీగ వంగి చూసింది. కన్ను లేదు, నోరు లేదు.

"నాచే," అంది.

"కాదమ్మగారూ, అది నీటిపురుగు," అంది రెల్లుకాడ మీద పాకుతున్న నత్త. "మీకు కనబడేది తోక. దాంతోనే ఊపిరి పీల్చుకుంటుంది. తల కింద బురదలో ఉంది, తిండి తింటోంది. ఒక్కసారి దిగి చూడండి."

"బురదలోకా? నా రెక్కలేం కావాలి?"

"మీరు పుట్టిందీ అక్కడేగా!"

తూనీగ రెక్కలు దులుపుకుంది. ఇంతలో చేప వచ్చి ఆ ఎర్రదారాన్ని సగానికి కొరుక్కుపోయింది. తూనీగకి అయ్యో అని కూడా అనిపించలేదు. నాచుకి నొప్పేమిటి?

మర్నాడు తూనీగకి గుడ్లు పెట్టే వేళయింది. నీటి మీద వాలీవాలకుండా ఎగురుతూ తోక కొస నీళ్ళలో ముంచింది. కింద నుంచి చేప చూసింది. కన్ను లేదు, నోరు లేదు.

"ఆగు, అది నా తోక! తల పైనుంది!" అని అరిచింది తూనీగ.

ఆ మాట నీళ్ళలోకి దిగలేదు. చేప ఒక్క లాగు లాగింది.

పురుగు తోక పదిహేను రోజుల్లో మళ్ళీ మొలిచింది. రెల్లుదుబ్బు మీద చోటు మాత్రం ఖాళీగానే ఉంది.