ప్రాంప్టరు అక్కర్లేని నాటకం

"సంతకం పెట్టన్నియ్యా. పద్దెనిమిదేళ్లు మోసినాం. ఇంక సాలు," అంటూ గోవిందరావు కాగితాన్ని నీలకంఠం ముందుకు తోశాడు.

బాగ్‌బేరా రైల్వే కాలనీలో గోవిందరావు క్వార్టరు వరండా అది. ఆయన గూడ్సు గార్డు. నాటక సమాజానికి కార్యదర్శి, హీరో కూడా ఆయనే. నీలకంఠం అధ్యక్షుడు. కాగితంలో ఉన్నది ఒకటే తీర్మానం. ప్రాంప్టరు సన్యాసిరావును సమాజం నుంచి తీసివేయడమైనది.

ఆ సన్యాసిరావు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మెడకు మఫ్లరు చుట్టుకుని అల్లం ముక్క నములుతున్నాడు. ఒళ్లో పాత నాటకం పుస్తకం. వచ్చినప్పట్నుంచీ నోరు విప్పలేదు.

"సూసినావా పొగరు? అడిగితే జవాబు కూడా నేదు."

గోవిందరావు అగ్గిమీద గుగ్గిలమవడానికి కారణం ఉంది. ఊళ్లో ఇంకా ఎవరింట్లోనూ టీవీ లేని రోజులవి. బిష్టుపూర్ ఎగ్జిబిషన్‌కు కలకత్తా నుంచి ఒక టీవీ కెమెరా తెచ్చారు. క్లబ్బు హాల్లో తలుపులు మూసుకుని నాటకం ఆడితే, అదే క్షణంలో బయట చౌరస్తాలో పెట్టిన పెట్టెలో జనం చూస్తారు. తప్పు దొర్లితే దిద్దుకునే వీల్లేదు. బెంగాలీల నాటకం, బీహారీల నాటకం అయ్యాక, నిన్న సాయంత్రం తెలుగువాళ్లకు అరగంట ఇచ్చారు. కెమెరాతో వచ్చిన ఇంజనీరు ఘోష్ బాబు ఒకే ఒక్క షరతు పెట్టాడు. మైకు చీమ చిటుక్కుమన్నా పట్టేస్తుంది గనుక, పక్కనుంచి మాటలందించేవాడు హాల్లో ఉండకూడదు.

"మాకసలు ప్రాంప్టరే అక్కర్లేదు" అని ఛాతీ విరిచి చెప్పి వచ్చాడు గోవిందరావు.

"సన్నాసీ," అన్నాడిప్పుడు. "నాటకం రోజు నీ గొంతు ఎక్కడా ఇనపడకూడదని సెప్పినానా నేదా?"

సన్యాసిరావు తలూపాడు.

"మరేటి సేసినావు? ఆదిబాబూ, నువ్వు సూసింది సెప్పు."

ఆదిబాబు సమాజానికి మేకప్ మనిషి. "అందరికీ రంగులేసీసి నాను సౌరస్తాకి ఎల్లీసరికి సగం అయిపోనాది. ఇసకేత్తే రాల్నంత జనం. ఎనకనుంచి ఎల్లి సూత్తే, సన్నాసిమావ టీవీ పెట్టె ఎనకాల నక్కి కూకున్నాడు. మెడ సాపి ఓపాలి బొమ్మ సూత్తన్నాడు, ఓపాలి పుస్తకం సూత్తన్నాడు. గొంతు సించుకుని అందరి మాటలూ సదివేత్తన్నాడు."

"ఇన్నావా అన్నియ్యా? నానక్కడ పేణం పెట్టి ఆడతంటే, ఈయనిక్కడ జనం సెవుల్లో గోల."

"పద్దెనిమిదేళ్ల అలవాటు గదా, పోనేదేమో," అన్నాడు నీలకంఠం మెత్తగా.

"అలవాటు కాదు, కుళ్లు. తాను లేకుండానే నాటకం రక్తికట్టీసిందని కుళ్లు."

రక్తికట్టిందనడానికి సాక్ష్యాలకేం కొదవ లేదు. పొద్దున్నే కూరలమ్మే చిలకమ్మ దారిలో ఆపి మరీ చెప్పింది. "బావూ, టీవీలో మీ గొంతు మీ గొంతునాగే నేదు. ఎంత బాగున్నాదో." ఆ మాట తలుచుకుని గోవిందరావు ఇప్పటికి పదిసార్లు మురిసిపోయాడు. హీరోయిన్ రమాదేవి గొంతు మాత్రం కాస్త బొంగురు పోయిందట. జలుబు చేసి ఉంటుంది పాపం.

ఇంతలో ఆయన భార్య నూకమ్మ టీ గ్లాసులు పట్టుకొచ్చింది.

"సన్నాసన్నని ఏటీ అనకండి," అంది భర్తతో. "జనంలో ఎవులికీ ఏ ఇబ్బందీ నేదు. నాటకంలో కొడుకు శెవం కాడ మీరన్నారు సూడండి, 'ఈ సేత్తోనే గదరా నీ బండికి పచ్చజెండా ఊపినాను' అని. ఆడోల్లందరం ఏడిసీసినాం."

గోవిందరావు టీ గ్లాసు కింద పెట్టాడు. నిన్న కెమెరా ముందు సరిగ్గా ఆ మాటే ఆయనకు గుర్తు రాలేదు. పెదవులు వణికించి, మొహం చేతుల్లో దాచుకుని, దాన్ని మింగేసి తర్వాతి మాటకు దూకేశాడు. నెల్లాళ్లుగా ఇంట్లో రిహార్సల్ విన్న మనిషి, మొగుడి పరువు కాపాడ్డానికి నలుగురిలో ఎంత ముచ్చటగా అబద్ధమాడింది. ఇల్లాలంటే అలా ఉండాలి.

మెట్టు మీద సన్యాసిరావు అల్లం నమలడం ఆపేశాడు. పుస్తకం తెరిచి ఏదో చూపించబోతున్నవాడల్లా నూకమ్మ మొహం చూశాడు, గోవిందరావు మొహం చూశాడు. పుస్తకం మూసేశాడు.

నీలకంఠం నిట్టూర్చి సంతకం పెట్టాడు.

"నువ్వూ పెట్టు," అన్నాడు గోవిందరావు.

సన్యాసిరావు లేచి వచ్చి సంతకం చేశాడు. ఏదో అనబోతే గొంతులోంచి ఉత్త గాలే వచ్చింది. పుస్తకాన్ని బల్లమీద పెట్టి, నూకమ్మకు దణ్ణం పెట్టి, యార్డు వైపు నడిచి వెళ్లిపోయాడు.

"తప్పు సేసినోడికి నోరెలాగ వత్తాది?" అన్నాడు గోవిందరావు, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

అప్పుడే వాకిట్లో రిక్షా ఆగింది. హాల్లో మరిచిపోయిన పచ్చజెండా పట్టుకుని ఘోష్ బాబు దిగాడు. గోవిందరావు ఎదురెళ్లి కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు.

"మాఫ్ కర్నా, గోవింద్‌బాబూ," అన్నాడు హిందీలో. "నిన్న జనం చప్పట్లు చూసి మీకు చెప్పలేకపోయాను. మీ నాటకం మొదలయ్యే ముందే చౌరస్తా దగ్గర గునపం తగిలి ఒక తీగ తెగిపోయింది."

"ఏ తీగ సాబ్? టీవీ బానే వచ్చిందటగా."

ఘోష్ బాబు తల దించుకున్నాడు.

"ఆ పెట్టెలోంచి బొమ్మ తప్ప ఒక్క మాటా రాలేదు."